చీలమండ టేపింగ్
చీలమండ టేపింగ్ అనగా చీలమండ కీలు చుట్టూ అంటుకునే పట్టీని ఒక క్రమంలో చుట్టి, కీలు హద్దు మీరి మడత పడకుండా కాపాడే పద్ధతి. బాస్కెట్‌బాల్, వాలీబాల్, ఫుట్‌బాల్ వంటి ఆటలలో చీలమండ బెణకడం సర్వసాధారణమైన గాయం. దీనిని నివారించడానికి క్రీడాకారులు ఈ పట్టీని వాడుతారు.

చరిత్ర
న్యూయార్క్ వైద్యుడు వర్జిల్ గిబ్నీ 1895లో బెణికిన చీలమండకు ప్లాస్టరు పట్టీలను బుట్ట అల్లికవలె వేసే విధానాన్ని వివరించాడు. ఆ విధానం ఆయన పేరుతోనే నిలిచింది.

పనిచేసే విధానం
పాదం లోపలివైపుకు తిరిగి, దాని వెలుపలి అంచుపై శరీర బరువు పడినప్పుడు వెలుపలి లిగమెంట్లు సాగుతాయి లేదా తెగుతాయి. సాగని జింక్ ఆక్సైడ్ పట్టీని కాలి లోపలివైపు నుండి మడమ కిందుగా వెలుపలివైపుకు లాగి అంటిస్తారు. ఆపైన మడమ చుట్టూ 8 అంకె ఆకారంలో చుట్లు వేస్తారు. ఇందువలన పాదం లోపలికి తిరగడం, కిందికి వాలడం తగ్గుతాయి.

ఈ బిగువు ఎక్కువసేపు నిలవదు. పది నిమిషాల తీవ్ర వ్యాయామంతో సుమారు 40 శాతం సడలిపోతుందని 1962లో రేరిక్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనలో తేలింది. చర్మంపై పట్టీ లాగుడు వలన కీలు స్థితి మెదడుకు మెరుగుగా తెలుస్తుందనే వివరణ ఉన్నా, తరువాతి పరిశోధనలు దానిని నిలకడగా సమర్థించలేదు.

కాలిపై ప్రభావం
ఎగిరి నేలపై దిగేటప్పుడు చీలమండ, మోకాలు, తుంటి మూడూ వంగి తాకిడిని పంచుకుంటాయి. చీలమండ కదలిక తగ్గితే మోకాలిపై భారం పెరుగుతుందేమోననే సందేహం ఉంది. పట్టీకి బదులుగా లేసులతో బిగించే తొడుగులపై అమెరికాలో 1,460 మంది హైస్కూలు బాస్కెట్‌బాల్ క్రీడాకారులతో జరిగిన అధ్యయనం 2011లో ప్రచురితమైంది. అందులో చీలమండ గాయాలు సుమారు మూడో వంతుకు తగ్గాయి. మోకాలి గాయాలు పెరగలేదు. అయితే బెణికినవారిలో గాయం తీవ్రత మాత్రం తగ్గలేదు.

ప్రయోజనం, పరిమితులు
కళాశాల బాస్కెట్‌బాల్ క్రీడాకారులలో పట్టీ బెణుకులను తగ్గిస్తుందని 1973లో గారిక్, రెక్వా చూపారు. ఆ గణాంకాలను 2004లో తిరిగి విశ్లేషించారు. ఒక్క బెణుకును నివారించడానికి, లోగడ చీలమండ బెణికినవారైతే 26 మందికి, ఎన్నడూ బెణకనివారైతే 143 మందికి పట్టీ వేయాలని లెక్క తేలింది. అంటే దీని మేలు ప్రధానంగా లోగడ గాయపడినవారికే.

పట్టీ సమతుల్యత వ్యాయామాలకు ప్రత్యామ్నాయం కాదు. మరీ బిగిస్తే రక్తప్రసరణ తగ్గి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, అప్పుడు వెంటనే విప్పాలి. గాయపడినవారు నాలుగు అడుగులైనా వేయలేకపోతే ఎముక విరిగి ఉండవచ్చు. అటువంటివారికి పట్టీ చుట్టి తిరిగి ఆడించకుండా వైద్యునికి చూపించాలి.