దోహదశబ్దము - గర్భిణీసూతికల చిత్తరక్షణము

దోహదశబ్దము నేఁటి తెలుఁగునఁ దోడ్పాటను నర్థమున రూఢమైయున్నది. పూర్వము గర్భిణి కోరికకే యది పేరు. గర్భస్థశిశువునకుఁ జేతన వ్యక్తమగు నాలవమాసమున స్త్రీ రెండు హృదయములు గలది యగుననియు, అందుచే దౌహృదిని యనఁబడుననియు సుశ్రుతుఁడు చెప్పెను. చరకము దీనిని మూఁడవమాసమునఁ జెప్పుచున్నది. దౌర్హృదమను రూపాంతరమును గలదు; ప్రాకృతముఖమున వచ్చినదే దోహదమని పలువురు శాబ్దికుల మతము. వ్యుత్పత్తి యెట్టిదైనను, గర్భిణి కోరిక నుపేక్షింపరాదను విధి స్పష్టము.

ఆ విధికి హేతువేమి? కోరిక తీఱనిచో శిశువు కుబ్జుఁడో, జడుఁడో, వామనుఁడో యగునని సుశ్రుతము హెచ్చరించుచున్నది. ఈ కార్యకారణభావము నేఁటి వైద్యమునకు సమ్మతము గాదు. అదియునుగాక, ఇందు రక్ష్యము శిశువు, తల్లిమనస్సు ద్వారమాత్రము. రామాయణోత్తరకాండమున గర్భవతియగు సీత తపోవనములఁ జూడఁగోరెను. ఆ కోరిక తీర్చు నెపముననే యామె యడవిలో విడువఁబడెను. దోహదము తీఱినది, దోహదవతి దుఃఖము తీఱలేదు.

చరకమున వేఱొక విధి కలదు. పెక్కుమాఱులు ప్రసవించినవారును, స్నేహశీలలును, విషాదము లేనివారును, క్లేశమున కోర్చువారును నగు స్త్రీలు ప్రసవవేళ నామెను జుట్టి కూర్చుండి మంచిమాటల నోదార్పవలెనని శారీరస్థానాష్టమాధ్యాయము శాసించుచున్నది. ఇచట నూఱడిల్లవలసినది తల్లియే. సూతికాకాలమును సుశ్రుతుఁడు నెలన్నరగా నిర్ణయించి, క్రోధాయాసములు వర్జ్యములనెను.

తల్లిమనస్సునకే వచ్చు వ్యాధిని బ్రత్యేకముగాఁ బరిశీలించిన గ్రంథమును 1858లో ఫ్రెంచివైద్యుఁడు లూయీ విక్టర్ మార్సే రచించెను. గర్భిణులు, బాలెంతలు, పాలిచ్చు తల్లులు నందు విషయము. 1987లో కాక్స్, హోల్డెన్, సగోవ్‌స్కీ యనువారు ఎడిన్‌బరో మానమును బ్రకటించిరి. అందుఁ బదియే యంశములు; గడచిన యేడుదినముల తన మనస్స్థితిని దల్లియే తెలుపవలెను. తన్నుఁ దాను హింసించుకొను తలఁపు కలిగెనా యనునది కడపటిది. బెంగుళూరి నిమ్‌హాన్స్‌లో 2009లో తల్లిని బిడ్డతోఁగూడఁ జేర్చుకొని చికిత్స చేయు విభాగ మేర్పడెను.

ప్రసవముతో రెండు హృదయములు వేఱగును. వచ్చినవారెల్లరు బిడ్డనే చూతురు. బాలెంత యూరక కంటఁదడి పెట్టినను, బిడ్డ నిద్రించినప్పుడును దనకు నిద్రపట్టకున్నను, దానిని గర్వమనియో సోమరితనమనియో యనువారు కలరు. అట్టి స్థితి వారములకొలఁది నిలిచినచో నది వ్యాధి, చికిత్సచేఁ దగ్గునది. రెండు హృదయములున్నప్పుడు చెల్లించిన గౌరవమును మిగిలిన యొక్క హృదయమునకును జెల్లించుట యుచితము. అప్పుడే దోహదశబ్దమునకుఁ బాతయర్థమును గ్రొత్తయర్థమును గూడఁ గుదురును.