రంగం కెంపులు

గోదావరి మండలములలో పాతకాలపు నగల పెట్టె తెఱచినపుడు తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు. "ఇది రంగం కెంపు" అందురు. అడ్డిగలోగాని, జడబిళ్ళలోగాని, ఉంగరములోగాని ఎఱ్ఱరాయి కనబడినచో దానికి ఆ పేరే పెట్టుట మనకు అలవాటు. రంగమనగా రంగూను. ఆడపిల్లలకు నగలు పంచునపుడును, అవసరము వచ్చి అమ్మజూపునపుడును ఆ మాట ఎంతవఱకు నిజమను ప్రశ్న తలయెత్తును. ఎఱ్ఱనిదెల్ల కెంపు కాదు. దానిని తెలిసికొనుటకు రాయితోపాటు దాని వెనుకనున్న చరిత్రను గూడ పరిశీలింపవలెను.

కెంపునకును మన తీరమునకును గల సంబంధము పొగయోడలతో పుట్టినది కాదు. పదునేడవ శతాబ్దమున గోలకొండ రాజ్యపు రేవైన మచిలీపట్నమునుండి ఓడలు పెగూ దేశమునకు బట్టలు కొనిపోయి, తగరము, లక్క, కెంపులు మున్నగువానిని తెచ్చెడివి. ఆ కెంపుల పుట్టినిల్లు ఉత్తర బర్మాలోని మోగోక్ లోయ. తరువాతి కాలమున బర్మాలోని తెలుగువారికి "కోరంగీలు" అను పేరు వచ్చుటకు మన కోరంగి రేవే కారణము. 1839 నవంబరు తుపానుతో కోరంగి చితికిపోగా కాకినాడ ముందునకు వచ్చినది. 1852లో దిగువ బర్మాయు, 1886 నాటికి ఎగువ బర్మాయు ఆంగ్లేయుల వశమయ్యెను. రంగూను రేవులోను, ధాన్యపు మిల్లులలోను పనికై మనవారు వేలకొలది తరలిపోయిరి. తిరిగివచ్చువారు కూడబెట్టిన సొమ్మును నగలుగా మార్చుకొనుట సహజమే గదా!

ఆ దినములలోనే కెంపుల చరిత్రలో మఱియొక మలుపు వచ్చినది. 1889లో బర్మా రూబీ మైన్స్ కంపెనీ మోగోక్ గనులను కౌలునకు తీసికొన్నది. 1902లో పారిస్‌లో ఓగూస్త్ వెర్నెయ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు కెంపును కొలిమిలో పండించు విధానమును ప్రకటించెను. అల్యూమినా పొడిలో కొంచెము క్రోమియము కలిపి, మండుచున్న వాయుజ్వాలగుండ రాల్చినచో అది కరగి, క్రింద పేరుకొని, కొలది గంటలలో కెంపుగా పెరుగును. ఇది గాజు కాదు. గని కెంపునకు గల పదార్థమే, కాఠిన్యమే దీనికిని గలవు. కొలది యేండ్లలో ఇట్టి రాళ్ళు లోకపు సంతలన్నిటికి ప్రాకినవి. మోగోక్ కంపెనీ 1931లో గనులను వదలుకొనుటకు గల కారణములలో ఇదియు నొకటి. మనవారు రంగమునకు విరివిగా పోయిన కాలమును, కృత్రిమ కెంపు సంతకు వచ్చిన కాలమును ఒక్కటే. కావున "రంగములో కొన్నది" అను మాట రాయి నడచిన దారిని చెప్పునే గాని, పుట్టుకను చెప్పజాలదు.

కృత్రిమము కాకున్నను అది కెంపే యని తలంపరాదు. ఆఱవ శతాబ్దమువాడైన వరాహమిహిరుడు సౌగంధికము, కురువిందము, స్ఫటికము అను మూటినుండి పద్మరాగము పుట్టునని చెప్పెను. నేటి శాస్త్రమున కెంపు జాతికి వాడు "కొరండం" అను పేరు మన కురువిందమునకు చుట్టమే. మోగోక్ గులకలలోనే కెంపుతో కలిసి దొరకు స్పినెల్ అను రాయిని వేఱు జాతిగా గుర్తించినది 1783లో మాత్రమే. ఆంగ్ల రాజకిరీటములో "బ్లాక్ ప్రిన్స్ రూబీ" యని పేరొందిన రాయి నిజమునకు స్పినెలే. ఇక దానిమ్మగింజవలె ముదురెఱుపు గల గార్నెట్టు మనకు పరదేశి కాదు. కొత్తగూడెమునకు చేరువనున్న గరీబుపేట గార్నెట్లు సుమారు రెండువేల యేండ్లనాడే పుదుచ్చేరి దాపునగల అరికమేడులో పూసలుగా మాఱినవి.

ఇంటియొద్ద చేయదగిన పరీక్షలు కొన్ని గలవు. మొదట నగను వెనుకకు త్రిప్పి చూడవలెను. వెనుక మూసిన పొదుగైనచో లోపలి రేకు వన్నెయే రాయి వన్నెగా కనబడవచ్చును. పిమ్మట పదిరెట్లు పెద్దదిగా చూపు భూతద్దముతో పలకల అంచులను చూడుడు. ఏండ్లతరబడి ధరించిన గాజురాయి అంచులు అరగి మొద్దుబారును. కెంపు అంచులు వాడిగనే యుండును. లోపల గుండ్రని గాలిబుడగలున్నచో అది గాజు కావచ్చును, కృత్రిమ కెంపైనను కావచ్చును. గ్రామఫోను రికార్డుపై చాళ్ళవలె వంపు తిరిగిన గీతలున్నచో కృత్రిమమే యనుకొనవచ్చును. గని కెంపులో సూదులవంటి సన్నని పోగులు, తిన్నని గీతలు, చిన్న పగుళ్ళు తఱచు. మచ్చలేని పెద్దరాళ్ళు వరుసగా ఒకే వన్నెతో మెఱయుచున్నచో సంతోషముకంటె సందేహమే మేలు.

వెనుక తెఱపి గల నగయైనచో దానిని వెలుతురున కెదురుగా పట్టి, పోలరాయిడ్ కళ్ళద్దమును ముందుంచి మెల్లగా త్రిప్పుడు. కెంపైనచో ఎఱుపు ఒకమాఱు ఊదాచాయగను, ఒకమాఱు నారింజచాయగను మాఱును. గార్నెట్టునందును, స్పినెలునందును, గాజునందును ఈ మార్పుండదు. నోట్లు పరీక్షించు అతినీలలోహిత దీపము క్రింద బర్మా కెంపు నిప్పుకణికవలె వెలుగును; గార్నెట్టు వెలుగదు. కాని కృత్రిమ కెంపు అంతకంటె మిన్నగా వెలుగును. కావున ఏ యొక్క పరీక్షనో నమ్మి తీర్పు చెప్పరాదు.

చేయరాని పనులును గలవు. రాయిని ఆకురాతితో గీయరాదు, వేడిచేయరాదు. లక్క నింపిన నగను కుంకుడురసములో నానబెట్టరాదు. నీరు లోనికి దిగినచో రేకు నల్లబడి రాయి కాంతి చచ్చును. 1900కు ముందే చేయించిన నగలో కొలిమి కెంపుండుట అరుదే గాని, మరమ్మతులలో రాయి మాఱియుండవచ్చును.

1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడగా లక్షలమంది భారతీయులు ఇల్లు వాకిళ్ళు విడిచి బయలుదేఱిరి. ఎందరో అడవులగుండ నడచివచ్చిరి. 1964 తరువాత మఱల ఎన్నో కుటుంబములు తిరిగివచ్చినవి. కట్టుబట్టలతో వచ్చినవారి యిండ్ల రెండు కమ్మలు మిగిలియున్నను అవి కుటుంబ చరిత్రలో భాగమే. రాయి కొలిమిలో పుట్టినదని తేలినను, దానిని కొన్న కష్టార్జితము బూటకము కాదు. అయినను పంపకములో ఒక కూతురునకు పొలమును, మఱియొక కూతురునకు "రంగం కెంపును" సరిసమానమని ఇచ్చుటకు ముందు ఆ రాయిని రత్నపరీక్షాశాలకు పంపి పత్రము తెప్పించుకొనుట న్యాయము. జ్ఞాపకమునకు వెల కట్టనక్కఱలేదు. వెల కట్టదలచినచో మాత్రము రాయి పుట్టుక తెలిసి కట్టవలెను.