రేడియోలో బడి

ఆలిస్ స్ప్రింగ్స్ ఆస్ట్రేలియాకి నడిబొడ్డున ఉన్న ఊరు. చుట్టూ ఎర్రమట్టి ఎడారి. పశువుల్ని పెంచే కుటుంబాలు ఎక్కడెక్కడో విసిరేసినట్టుంటాయి. 1940ల్లో వాళ్ళ పిల్లలకి చదువంటే పోస్టులో వచ్చే పాఠాలే. దగ్గరుండి చెప్పేది చాలావరకు అమ్మే.

అడిలైడ్ మీత్కీ గారు అప్పటికే సౌత్ ఆస్ట్రేలియాలో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. (ఇన్‌స్పెక్టరనగానే మనకి గోడలకి సున్నాలూ, ముందే బట్టీ పట్టించిన జవాబులూ గుర్తొస్తాయి. ఈవిడ వేరే రకం లెండి.) ఫ్లయింగ్ డాక్టర్ సంస్థ పనిమీద ఆ ఊరు వెళ్ళినప్పుడు ఆవిడ కంటపడింది పుస్తకాల కొరత కాదు, పిల్లల బిడియం. తోటి పిల్లలతో మాటామంతీ లేకుండా పెరుగుతున్నారు. ఇంకోటి కూడా గమనించారు: డాక్టర్ని పిలవడానికి ఇళ్ళల్లో పెట్టిన రేడియోలు వాడడం పిల్లలకీ వచ్చు!

ఇంకేం, కొత్త భవనాలు అడగలేదు. ఉన్న రేడియోలోనే పాఠాలు చెబుదామన్నారు. 1951లో 'స్కూల్ ఆఫ్ ది ఎయిర్' మొదలైంది. తొలుత టీచరు చెప్పడం, పిల్లలు వినడం, అంతే. త్వరలోనే చివర్లో ప్రశ్నలకి సమయం చేర్చారు. నన్నడిగితే అసలు మార్పు రేడియో కాదు, ఇదీ.

కోవిడ్‌తో బళ్ళు మూతపడ్డ 2020లో, సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానెళ్ళలో పాఠాలు వేశారు. అది చిన్న పనేం కాదు. కానీ టీవీకి నోరే గానీ చెవులుండవు కదా! అర్థం కాని పిల్ల టీవీని ఆపి అడగలేదు.

ఆలిస్ స్ప్రింగ్స్ బడి పరిధి ఇప్పుడు దాదాపు 13 లక్షల చదరపు కిలోమీటర్లు. మన రెండు రాష్ట్రాలూ కలిపినా అందులో నాలుగో వంతు ఉండవు. పాఠాలు శాటిలైట్ మీదకి మారాయి. అయినా ఏడాదిలో కొన్ని రోజులు పిల్లల్ని ఊళ్ళోకి రప్పించి, ఒకే గదిలో పక్కపక్కన కూర్చోబెడుతున్నారు.