వేసిన తాళం తీయడమే అసలు కష్టం: ఒక కెమికల్ కథ

ఈరోజు టాపిక్ బెంజైల్ క్లోరోఫార్మేట్. పేరు చూసి స్కిప్ కొట్టకండి. ఈ కథలో ఒక గురువు ఉన్నాడు, ఒక శిష్యుడు ఉన్నాడు, హిట్లర్ కూడా ఉన్నాడు.

ముందు ప్రాబ్లమ్ ఏంటో చూద్దాం. మన ఒంట్లో ప్రోటీన్లన్నీ అమైనో ఆమ్లాల దండలే. ప్రతి అమైనో ఆమ్లానికి రెండు చేతులు: ఒకవైపు అమీన్, ఇంకోవైపు ఆసిడ్. ఒకరి అమీన్ ఇంకొకరి ఆసిడ్‌ని పట్టుకుంటే దండ పెరుగుతుంది. బాగుంది కదా? కానీ గ్లైసిన్, అలనిన్ రెండింటినీ కలిపి వదిలేస్తే, రెండేసి కలిసిన జంటలే నాలుగు రకాలు వస్తాయి. మనకి కావాల్సింది అందులో ఒక్కటే! అందుకే ఒక అమీన్ చేతిని కాసేపు కట్టేయాలి. గోడకి పెయింట్ వేసేటప్పుడు స్విచ్ బోర్డు మీద టేప్ అంటిస్తాం చూడండి, అలాగ. పని అయ్యాక టేప్ పీకేయాలి.

1901లో జర్మనీలో ఎమిల్ ఫిషర్ ఈ పని మొదలుపెట్టారు. మామూలు మనిషి కాదు, మరుసటి ఏడాదే నోబెల్ అందుకున్నారు. 1907కి 18 అమైనో ఆమ్లాల దండ కూడా కట్టారు. కానీ అందులో ఉన్నవి రెండు రకాలే: 15 గ్లైసిన్లు, 3 ల్యూసిన్లు. అమీన్‌కి ఆయన వేసిన తాళం గట్టిదే, కానీ దాన్ని తీయబోతే దండే తెగిపోయేది. పద్మవ్యూహంలో అభిమన్యుడి పరిస్థితి అన్నమాట. లోపలికి వెళ్ళడం తెలుసు, బయటికి రావడం తెలీదు. 1919లో ఫిషర్ పోయారు. సమస్య అలాగే మిగిలిపోయింది.

ఆయన దగ్గర పనిచేసిన మాక్స్ బెర్గ్‌మన్, తర్వాత డ్రెస్డెన్‌లో తోళ్ళ పరిశోధన సంస్థకి డైరెక్టర్ అయ్యాడు. గ్రీస్ నుంచి వచ్చిన లియోనిడాస్ జెర్వాస్ ఆయనతో కలిశాడు. 1932లో ఇద్దరూ ఒక పేపర్ వేశారు. బెంజైల్ క్లోరోఫార్మేట్‌తో అమీన్‌కి తాళం వేయాలి. తీయాలంటే పల్లాడియం పెట్టి హైడ్రోజన్ గ్యాస్ పంపితే చాలు. తాళం టాల్యూయిన్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోయి వెళ్ళిపోతుంది. దండ మాత్రం చెక్కుచెదరదు. గురువుకి దొరకని దారి శిష్యుడికి దొరికింది!

సంవత్సరం తిరగలేదు, 1933లో నాజీలు అధికారంలోకి వచ్చారు. బెర్గ్‌మన్ యూదుడు. ఉద్యోగం పోయింది, దేశం వదిలి న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌కి చేరాడు. జెర్వాస్ కూడా అక్కడికే వెళ్ళి కొన్నేళ్ళు పనిచేసి, తర్వాత గ్రీస్‌కి తిరిగొచ్చాడు.

ఇప్పుడు ఫలితం చూడండి. డ్రెస్డెన్‌లో ఒకప్పుడు బెర్గ్‌మన్ దగ్గర పనిచేసిన అమెరికన్ విన్సెంట్ డు విగ్నో, 1953లో ఆక్సిటోసిన్‌ని ల్యాబ్‌లో తయారుచేశాడు. తొమ్మిది అమైనో ఆమ్లాల హార్మోన్ అది. ఆ పనిలో ఈ తాళం కూడా వాడారు. 1955లో ఆయనకి నోబెల్ వచ్చింది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగడానికి ఇచ్చే ఇంజెక్షన్ ఇదే ఆక్సిటోసిన్. మన ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా ఇస్తారు. ఇది చూడ్డానికి బెర్గ్‌మన్ లేడు, 1944లోనే పోయాడు.

తర్వాత ఆసిడ్‌తో ఊడే బాక్ వచ్చింది, 1970లో తేలికపాటి బేస్‌తో ఊడే ఎఫ్‌మాక్ వచ్చింది. పాత తాళం మాత్రం ఇప్పటికీ వాడుకలోనే ఉంది. కెమిస్టులు దాన్ని ముద్దుగా 'జెడ్' అంటారు. అది జెర్వాస్ పేరులో మొదటి అక్షరం అని చెప్పుకుంటారు.

నేను కోడ్ రాసిన రోజుల్లో ఒక రూల్ ఉండేది: వెనక్కి తీసుకునే దారి లేకుండా ఏ మార్పూ లైవ్‌లోకి పంపకూడదు. కెమిస్ట్రీ ఆ పాఠం నేర్చుకోవడానికి 30 ఏళ్ళు పట్టింది. దాన్ని నేర్పినవాడిని మాత్రం సొంత దేశమే ఏడాదిలో గెంటేసింది.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!