ల్యుకేమియాపై మూడు నగరాల ఉమ్మడి కృషి

ఎముకల లోపల ఉండే మూలుగలో రక్తకణాలు పుడతాయి. అక్కడ పుట్టిన తెల్లకణాలు పక్వదశకు రాకుండానే అదుపు తప్పి పెరిగిపోవడమే ల్యుకేమియా. దీనినే రక్తపు కేన్సర్ అని వ్యవహరిస్తారు. ఈ అపక్వ కణాలు రోగక్రిములతో పోరాడలేవు. పైగా మూలుగలోని చోటంతా ఆక్రమించుకొని, ఎర్రకణాలకు, నెత్తురు గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లకు తావు లేకుండా చేస్తాయి. బిడ్డ పాలిపోవడం, మాటిమాటికీ జ్వరం రావడం, చిగుళ్ళ నుండి నెత్తురు కారడం దీని లక్షణాలు. ఈ వ్యాధిలో అనేక రకాలున్నవి. పిల్లలలో ఎక్కువగా కనిపించేది తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా. చికిత్స లేకపోతే ఇది కొద్ది నెలలలోనే ప్రాణం తీస్తుంది.

ఈ వ్యాధిని మందుతో లొంగదీయవచ్చునని మొదట తెలిసినది 1948లో. ఆ కథలో ఒక తెలుగువాని పాత్ర ఉన్నది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించేవారు. కణవిభజనకు ఫోలిక్ ఆమ్లం అవసరం. ఆ ఆమ్లాన్నే పోలి ఉండి, దాని పనికి అడ్డు తగిలే అమినోప్టెరిన్ అనే పదార్థం అక్కడ తయారైనది. బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ దానిని 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందిలో చెప్పుకోదగిన గుణం కనిపించినది. ఆ గుణం నిలువలేదు; వ్యాధి తిరిగి వచ్చినది. సుబ్బారావు కూడా ఆ సంవత్సరమే కన్నుమూసినారు. కాని అమినోప్టెరిన్‌కు సన్నిహితమైన మెథోట్రెక్సేట్ నేటికీ ఈ చికిత్సలో తప్పనిసరి ఔషధంగా నిలిచియున్నది.

ఒక్క మందుకు లొంగని వ్యాధి పలు మందుల కలయికకు లొంగినది. 1960ల చివరికి అమెరికాలోని మెంఫిస్ నగరంలో డోనాల్డ్ పింకెల్ బృందం అనేక ఔషధాలను వరుసగా వాడి, మెదడులో దాగిన కణాలకు ప్రత్యేక చికిత్స చేసి, సుమారు సగం మంది పిల్లలకు వ్యాధి నయమయ్యే స్థితిని సాధించినది.

ఐతే 1970లలో భారతదేశంలోని పరిస్థితి వేరు. ప్రత్యేకంగా కేన్సర్ కోసమే నెలకొల్పిన ఆసుపత్రులలో సైతం ఫలితాలు నిరాశాజనకంగా ఉండేవి. ఔషధాల పేర్లు పుస్తకాలలో ఉన్నంత మాత్రాన రోగికి ఒరిగేదేమున్నది? ఏ మందు, ఏ మోతాదులో, ఏ రోజున ఇవ్వవలెనో నిర్ణయం కావలెను. ఇచ్చిన పిదప ఏమైనదో లెక్క ఉండవలెను. ఒక్కొక్క ఆసుపత్రి ఒక్కొక్క మార్గం అనుసరిస్తే, ఒక చోట ఫలితం మెరుగై మరొక చోట తగ్గినప్పుడు, ఆ తేడా మందుల వలన కలిగినదా, రోగుల వలన కలిగినదా అని తేల్చడం సాధ్యం కాదు. విజ్ఞానశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థులు నేర్చే మొదటి పాఠం ఇదే: ఒక దానిని మార్చి చూడవలెనన్నచో మిగిలినవాటిని స్థిరంగా ఉంచవలెను.

ఈ అవసరం నుండి పుట్టినదే ఎం.సి.పి. 841 అనే చికిత్సాప్రణాళిక. పలు కేంద్రాలు కలిసి ఆచరించే ప్రణాళిక అని ఆ మూడు పొడి అక్షరాల భావం. ఇది 1984 నుండి అమలులోకి వచ్చినది. ఇందులో మూడు సంస్థలు పాల్గొన్నవి. మొదటిది 1941లో ప్రారంభమైన బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి. రెండవది డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి కృషితో 1954లో మద్రాసు అడయారులో వెలసిన కేన్సర్ ఇన్‌స్టిట్యూట్. మూడవది 1956లో ఏర్పడిన ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ. తెలుగు జిల్లాల నుండి రోగులు వెళ్ళే అడయారు ఆసుపత్రిలో డాక్టర్ వి. శాంత, బొంబాయిలో డాక్టర్ ఎస్. హెచ్. అద్వానీ, ఢిల్లీలో డాక్టర్ ఎల్. ఎస్. ఆర్య మొదలైనవారు ఈ కృషిలో ఉన్నారు. అమెరికా జాతీయ కేన్సర్ సంస్థకు చెందిన డాక్టర్ ఇయాన్ మగ్రాత్ వీరితో చేయి కలిపినారు.

పశ్చిమాన, దక్షిణాన, ఉత్తరాన ఉన్న మూడు పెద్ద ఆసుపత్రులు ఒకే కాగితంపై రాసిన క్రమాన్ని పాటించడం చెప్పినంత సులభం కాదు. అనుభవజ్ఞుడైన వైద్యుడు తనకు నచ్చిన మార్పును మానుకొని, ఒప్పందానికి కట్టుబడవలెను. చికిత్స సుమారు రెండేళ్ళు సాగుతుంది. మొదట ప్రెడ్నిసొలోన్, విన్‌క్రిస్టిన్, డౌనోరూబిసిన్, ఆస్పరజినేజ్ అనే మందులతో వ్యాధిని అణచివేస్తారు. మెథోట్రెక్సేట్‌ను వెన్నెముక ద్వారా ఎక్కించి, మెదడును, వెన్నుపామును కాపాడతారు. తరువాత ఇతర మందులతో మిగిలిన కణాలను నిర్మూలించి, చివరకు చాలా కాలం నిర్వహణ చికిత్స కొనసాగిస్తారు.

ఫలితం స్పష్టంగా కనిపించినది. ఈ చికిత్సలను కొలవడానికి వైద్యులు ఒక గట్టి కొలబద్దను వాడతారు. నాలుగేళ్ళ తరువాత రోగి జీవించి ఉన్నాడా అని మాత్రమే కాక, ఈలోగా వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నాడా అని కూడా చూస్తారు. ఈ కొలత ప్రకారం పూర్వం నూటికి 20 మంది కంటే తక్కువే గట్టెక్కేవారు. కొత్త పద్ధతి వచ్చిన పిదప, కేంద్రాన్ని బట్టి ఆ సంఖ్య 45 నుండి 60 వరకు పెరిగినది. ఈ ఘనత అంతా ప్రణాళికదే అనడం సరికాదు. అదే కాలంలో రోగులను కనిపెట్టి చూసుకొనే సదుపాయాలు కూడా మెరుగుపడినవి.

ఈ విజయం కంటే విలువైనవి ఉమ్మడి లెక్కలు బయటపెట్టిన సంగతులు. 1990-97 మధ్య చికిత్స పొందిన మరి 1048 మంది వివరాలను చేర్చి, 2005లో ఈ వైద్యులు ఒక వ్యాసం ప్రకటించినారు. పాశ్చాత్య దేశాలలో రోగి వయస్సును బట్టి ప్రమాదం ఎంతో చెప్పగలుగుతారు. ఇక్కడ మూడు కేంద్రాలలో ఎక్కడా ఆ సూత్రం నిలువలేదు. చికిత్సకు ముందు రక్తంలో ఉన్న తెల్లకణాల సంఖ్య రెండు కేంద్రాలలో మాత్రం సూచికగా పనిచేసినది. మూడింటికీ వర్తించే సూచిక ఒక్కటైనా దొరకలేదు. టి-కణ రకం ల్యుకేమియా ఇక్కడ ఎక్కువగా ఉన్నది. 18 ఏళ్ళ లోపువారిలో అది కేంద్రాన్ని బట్టి నూటికి 21 నుండి 43 వరకు కనిపించినది. మద్రాసులోనే అది అధికం. మన రోగులు ఆసుపత్రికి చేరేసరికే వ్యాధి బాగా ముదిరి ఉండేది.

సూచికలు ఎందుకు పనిచేయలేదు? దీనికి వారు చెప్పిన కారణం ఆలోచింపదగినది. ఇక్కడ చాలామంది పిల్లలు వ్యాధి తిరగబెట్టినందువలన కాక, చికిత్స జరుగుతుండగానే మరణించినారు. మందులు మంచి తెల్లకణాలను కూడా తగ్గించడం వలన అంటువ్యాధులు సోకుతాయి. ఇంటిలో శుభ్రత చాలకపోవడం, జ్వరం రాగానే ఆసుపత్రికి చేరే దారి లేకపోవడం వీటికి తోడైనవి. అటువంటి మరణాలకు తెల్లకణాల సంఖ్యతో సంబంధం లేదు. రెండవ నెలలో అంటువ్యాధితో పోయిన బిడ్డకు మూడవ ఏట వ్యాధి తిరగబెట్టేదా లేదా అన్నది ఎన్నటికీ తెలియదు. అందుచేత అసలు సూచికలు మరుగున పడినవి. ఒక్క ఆసుపత్రి తన రికార్డులు మాత్రమే చూచుకొంటూ ఉంటే, ఇది తన ఊరి దురదృష్టమని అనుకొని ఉండేది.

తరువాతి తరం వైద్యులు ఈ చోటు నుండే పని అందుకొన్నారు. కలకత్తాలోని టాటా మెడికల్ సెంటర్, చండీగఢ్‌లోని వైద్య పరిశోధన సంస్థ పై మూడు నగరాలతో చేరగా, భారత బాలల ల్యుకేమియా సహకార సంఘం ఏర్పడినది. వీరి ఉమ్మడి ప్రయోగం 2016లో మొదలైనది. అందులో ప్రమాదాన్ని నిర్ణయించడానికి తొలి దశ చికిత్స ముగిసేసరికి మూలుగలో మిగిలిన కేన్సర్ కణాలను కూడా లెక్కిస్తారు. పదివేల కణాలలో ఒక్కటి ఉన్నా పట్టగలిగే పరీక్ష ఇది. వీరు పరీక్షకు పెట్టిన ప్రశ్నలలో ఒకటి ప్రెడ్నిసొలోన్ గురించినది. ఆ మందు కేన్సర్ కణాలను చంపుతూనే శరీరపు రోగనిరోధక శక్తిని కూడా తగ్గిస్తుంది. ప్రమాదం ఎక్కువగా లేని చిన్నపిల్లలకు దానిని తొలి దశలో ఐదు వారాలకు బదులు మూడు వారాలే ఇస్తే చికిత్స వలన కలిగే హాని తగ్గుతుందా అన్నది ఆ ప్రశ్న.