అమెరికా ప్రజాజీవితంలో ఐరిష్ సంతతి

1845లో ఐర్లండ్‌లో బంగాళదుంప పైరుకు సోకిన తెగులు ఏళ్ల తరబడి సాగిన కరవుకు దారితీసింది. ఆకలికీ విషజ్వరాలకీ సుమారు 10 లక్షల మంది చనిపోయారు. అంతకు మించిన సంఖ్యలో జనం దేశం వదిలారు. వారిలో ఎక్కువమంది చేరింది అమెరికాకే. అల్‌స్టర్ ప్రాంతపు ప్రొటెస్టెంట్లు అంతకు నూరేళ్ల ముందునుంచే వలస పోతున్నా, ఐరిష్ అమెరికన్లంటే నేటికీ ముందుగా గుర్తొచ్చేది ఈ కరవు కాలపు కాథలిక్కులే.

మగవాళ్లు రేవుల్లో బరువులు మోశారు, కాలువలు తవ్వారు, రైలు పట్టాలు వేశారు. ఆడపిల్లలు ఇళ్లలో పనికి కుదిరారు. కుటుంబాలు చెల్లాచెదరైన తీరు బోస్టన్ నుంచి వెలువడిన ‘పైలట్’ పత్రికలో కనిపిస్తుంది. ఆచూకీ తెలియని అయినవాళ్ల కోసం 1831 నుంచి 1921 దాకా అందులో ప్రకటనలు వచ్చాయి. మనిషిది ఏ కౌంటీ, ఏ పారిష్, ఎప్పుడు ఓడ ఎక్కాడు, చివరి కబురు ఏ ఊరి నుంచి వచ్చింది అన్నవన్నీ రాసి భార్యలు భర్తలను, అక్కలు తమ్ముళ్లను వెతికించారు. ఆ వలస ఎంత బాధాకరమో చెప్పడంలో ఏ జనాభా లెక్కా వీటికి సాటిరాదు.

స్వాగతం మాత్రం దక్కలేదు. 1834లో బోస్టన్ పక్కనున్న చార్లెస్‌టౌన్‌లో కాథలిక్ కాన్వెంటును, 1844లో ఫిలడెల్ఫియాలో చర్చిలను అల్లరిమూకలు తగలబెట్టాయి. పోపుకు విధేయులైనవారు ప్రజాస్వామ్యానికి పనికిరారంటూ 1850ల్లో ‘నో నథింగ్’ పార్టీ ఎన్నికల్లో గెలిచింది.

ఐరిష్ వారిని నిలబెట్టింది ఓటు. పౌరసత్వం రాగానే మగవాళ్లకు ఓటు హక్కు వచ్చేది. ఒకే పేటలో కిక్కిరిసి బతకడం వల్ల ఆ ఓట్లు ఒకచోట పోగుపడేవి. న్యూయార్క్ డెమోక్రాట్ల సంస్థ టామనీ హాల్ దీన్ని బాగా వాడుకుంది. దాని నాయకుల్లో ఒకడైన జార్జ్ వాషింగ్టన్ ప్లంకిట్ తన పేటలో ఇల్లు కాలిందని వినగానే పరుగెత్తేవాడు. నిలువనీడ లేనివారికి బస, బట్టలు ఏర్పాటు చేసేవాడు. ప్రభుత్వ సంక్షేమం లేని ఆ రోజుల్లో పేదవాడికి ఇదే దిక్కు. ఇందులో లంచగొండితనం తక్కువేమీ కాదు. అయినా పోలీసు, అగ్నిమాపక శాఖల్లో వేలాది కుటుంబాలకు ఉద్యోగాలు ఈ దారినే వచ్చాయి. 1880లో విలియం గ్రేస్ న్యూయార్క్ మేయరుగా, 1884లో హ్యూ ఓబ్రయన్ బోస్టన్ మేయరుగా ఎన్నికయ్యారు. ఇద్దరూ ఐర్లండ్‌లో పుట్టినవారే.

ఈ చరిత్రలో దాచకూడని పుట ఒకటుంది. 1863 జూలైలో సైన్యంలోకి బలవంతపు భర్తీని ఎదిరిస్తూ న్యూయార్క్‌లో చెలరేగిన గుంపుల్లో ఐరిష్ కూలీలే ఎక్కువ. వారు నల్లజాతివారిని చంపారు, నల్లజాతి పిల్లల అనాథాశ్రమాన్ని కాల్చారు. కాలిఫోర్నియాలో చైనా కూలీలను వెళ్లగొట్టాలని ఉద్యమం నడిపిన డెనిస్ కియర్నీ ఐర్లండ్‌లోని కార్క్ కౌంటీవాడు. వెలివేత రుచి చూసినవారే మరొకరిని వెలివేయడానికి ముందు నిలిచారు.

దేశాధికారం ఆలస్యంగా అందింది. కాథలిక్ అయిన ఆల్ స్మిత్ 1928లో అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడాడు. ఆ ఓటమిలో మతద్వేషం పాత్ర చిన్నది కాదు. 1960లో హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంట్ మతబోధకుల ఎదుట చర్చిని, ప్రభుత్వాన్ని వేరుగా ఉంచుతానని మాటిచ్చిన జాన్ కెనెడీ గెలిచాడు. ఆయన ముత్తాత వెక్స్‌ఫర్డ్ కౌంటీ నుంచి వలస వచ్చినవాడు.

అప్పటికే పాత పేటలు ఖాళీ అవుతున్నాయి. శివార్లకు తరలిపోయి, ఇతర సంతతులతో వియ్యమందుకున్నాక ఐరిష్‌తనం బతుకుతెరువుకు అక్కర్లేని, ఇష్టపడి చెప్పుకునే గుర్తింపుగా మారింది. నేడు 3 కోట్లకు పైగా అమెరికన్లు ఆ సంతతివారమని చెప్పుకుంటున్నారు. వారి పలుకుబడి ఐర్లండ్‌కూ ఉపకరించింది: 1998 నాటి ఉత్తర ఐర్లండ్ శాంతి ఒప్పందపు చర్చలకు అమెరికా మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ అధ్యక్షత వహించారు. ఒకప్పటి డెమోక్రాట్ల ఓటు బ్యాంకు మాత్రం చీలిపోయింది. 2020లో ఆ పార్టీ తరఫున గెలిచిన జో బైడెన్ పూర్వీకులు మేయో, లౌత్ కౌంటీలవారు. రిపబ్లికన్ల ఉపాధ్యక్ష అభ్యర్థి మైక్ పెన్స్‌కు తల్లివైపు తాత స్లైగో కౌంటీ నుంచి వచ్చినవాడు.