గుండు, మందు, కొలత

గోలకొండ బాలాహిస్సారుపై నిలిచి వాయవ్య దిక్కునకు చూచినవారికి హైటెక్ సిటీ అద్దాల మేడలు కనబడును. వానిలో పేరుగన్న సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైనది. అక్కడ పనిచేయువారికి లెక్కయే జీవనాధారము. ఒక్క అంకె తప్పినను యంత్రము మొరాయించును. కొలత తప్పినచో ప్రాణమే పోవు విద్య యొకటి అంతకు మూడు వందల యేండ్ల పూర్వమే ఆ కోటలో వాడుకలో నుండెను. అదియే తుపాకికి మందు కూరు విద్య.

తుపాకి మందు పెట్లుప్పు, బొగ్గు, గంధకముల మిశ్రమము. బొగ్గు ఇంధనము. అది మండుటకు కావలసిన ఆక్సిజనును పెట్లుప్పు, అనగా పొటాషియం నైట్రేటు, తనలోనుండియే ఇచ్చును. కావుననే బయటి గాలి చొరని గొట్టములోను మందు మండగలదు. గంధకము నిప్పు త్వరగా అంటుకొనుటకు తోడ్పడును. అప్పుడు పుట్టు వేడి వాయువులు గుండును ముందునకు నెట్టును. అయితే పెట్లుప్పు నీటిలో సులభముగా కరగును. తడిసిన మందు ప్రేలదు.

1687 ముట్టడిలో గోలకొండవారు ఈ గుణమునే తమ రక్షణకు వాడుకొనిరి. ఔరంగజేబు సైనికులు కోటగోడ క్రిందికి సొరంగములు త్రవ్వి మందు నింపిరి. లోపలివారు ఎదురు సొరంగములు త్రవ్వి కొంత మందును తొలగించిరి. మరికొంత నీటితో తడిపిరి. వత్తి ముట్టించగా బయటివైపు మందు మాత్రమే ప్రేలి, మొగలు సైనికులే పలువురు మడిసిరని చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ వ్రాసెను. ఆ సెప్టెంబరులో కోట పడినది ద్రోహి యొకడు తలుపు తెరచుటవలన గాని మందు బలమువలన కాదు.

ఆ కాలపు తుపాకులు చేతిపనివి. ఒకదాని గొట్టము వలె మరొకదాని గొట్టము సరిగా ఉండెడిది కాదు. కావున తుపాకితో పాటు దాని గుండ్ల అచ్చు కూడ ఉండవలసి వచ్చెడిది. సీసము 327 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే కరగును గనుక దానిని మామూలు పొయ్యిపైననే కరగించి అచ్చులో పోయవచ్చును. గుండు చిన్నదైనచో వాయువు ప్రక్కలనుండి తప్పించుకొని బలము తగ్గును. పెద్దదైనచో గొట్టములో దిగదు.

గొట్టము వెడల్పును చెప్పుటకు ఒక తమాషా పద్ధతి ఏర్పడెను. ఒక పౌను సీసముతో సరిసమానమైన 12 గుండ్లు చేసినపుడు, అట్టి గుండు పట్టు గొట్టము ‘12 బోరు’. ఒక్కొక్క గుండు తూకము సుమారు 38 గ్రాములు. 20 గుండ్లు చేసినచో ఒక్కొక్కటి చిన్నదగును. కావున 20 బోరు తుపాకి గొట్టము 12 బోరుకంటె సన్ననిది. నేటికిని వేటతుపాకులను ఈ లెక్కతోనే పిలుచుచున్నారు.

సైన్యము పెరిగినకొలది కొలతలు ఏకము చేయవలసిన అవసరము పెరిగినది. నిజాం అలీ ఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో హైదరాబాదున ఫిరంగుల కార్ఖానా స్థాపించెను. ప్రజలు దానిని తోప్ కా సాంచా, అనగా ఫిరంగి అచ్చు, అనిరి. 1798 మార్చిలో రేమండ్ మరణించెను. ఆ అక్టోబరులోనే ఇంగ్లీషువారు అతని సేనను రద్దు చేయించిరి. ఫతే మైదాను సమీపమున గన్ ఫౌండ్రీ అను పేట పేరు నిలిచియున్నది.

చేతి తుపాకుల విషయములో మరొక చిక్కు గలదు. యుద్ధపు తొందరలో మందు కొలిచి పోయుట కష్టము. కావున ఒక్క దెబ్బకు చాలు మందును, గుండును ముందుగనే కాగితములో చుట్టి ఉంచిరి. అదియే తూటా. సిపాయి దానిని పంటితో కొరికి మందును గొట్టములో పోయవలెను. 1853 నమూనా ఎన్‌ఫీల్డు తూటాలకు పూసిన కొవ్వును గూర్చిన అనుమానము 1857 తిరుగుబాటును రగిల్చిన కారణములలో నొకటి. ఆ యేడు జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వమున హైదరాబాదు రెసిడెన్సీపై దాడి జరిగినది.

ఆ వెనుక ఇత్తడి గుల్ల వచ్చినది. మందు ప్రేలగానే గుల్ల ఉబ్బి అర గోడలకు అతుకుకొని వాయువును వెనుకకు రానీయదు. వెంటనే కొంత ముడుచుకొనును గనుక తేలికగా బయటికి వచ్చును. దాని అడుగున నిప్పు పుట్టించు చిన్న టోపీ ఉండును. పేలిన గుల్లను సవరించి, క్రొత్త టోపీ, మందు, గుండు అమర్చి మరల వాడవచ్చును. నిప్పు లోనికి పోవుటకు బాక్సరు పద్ధతి గుల్లకు నడుమ ఒకే రంధ్రముండుటవలన టోపీ తీయుట సులభమైనది.

మార్కెటులో దొరకని పాత తూటాలకు నేడును ఈ చేతిపనియే గతి. 1871లో బ్రిటిషు సైన్యమునకు వచ్చిన మార్టిని-హెన్రీ రైఫిలు అట్టిది. దాని గుల్లలను కొందరు విదేశాలలో 24 బోరు ఇత్తడి గుల్లలను సాగదీసి చేసికొనుచున్నారు. అట్టివారు మొదట నేర్చునది మందు పోయుట కాదు, అరను కొలుచుట. 1884లో వియెల్ కనుగొనిన పొగలేని మందు నల్లమందుకంటె చాల శక్తిగలది. నల్లమందు గుల్ల నిండుగా దానిని పోసినచో గొట్టము ప్రేలి, పేల్చినవాని ప్రాణమే పోవచ్చును. మన దేశములో 1959 ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే తూటాలు తయారు చేయరాదు.

గోలకొండ సొరంగము మొదలు ఇత్తడి గుల్ల వరకు కథ యొక్కటే. మందు బలము మందులోనే లేదు. దానిని కొలిచి పట్టి ఉంచుటలో నున్నది.